పేగుల జబ్బును వెంటాడిన భీమవరం బిడ్డ
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)



మనకు వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్ర గుర్తుంది కదా! అన్నం తిన్నాక అందరినీ వరసలో నిలబెట్టి చేతిలో పెట్టేవారు. వేసుకుంటే వికారం వస్తుందని, దొడ్డికి నల్లగా అవుతుందని భయపడి చాలామందిమి నాలుక కింద దాచుకుని బయటికొచ్చి ప్రహరీ గోడ అవతలకి ఉమ్మేసేవాళ్ళం. పెద్దవాణ్ణి కాబట్టి ఇప్పుడు నీతులు చెబుతున్నాననుకోకండి. ఉమ్మేసినవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

ఆ మాత్రలో రెండు పదార్థాలుంటాయి. ఒకటి ఇనుము, ఇప్పుడు 60 మిల్లీగ్రాములు. రెండోది ఫోలిక్ ఆమ్లం, 500 మైక్రోగ్రాములు. ఈ రెండోదాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ప్రపంచానికి అందించిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పీజీలో చేరి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మొదలుపెట్టేదాకా నాకు ఆ సంగతి తెలియదు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే ప్రయోగం పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. పరీక్షనాళికలో నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ సుబ్బారావు ఎవరని అడిగితే, భీమవరం ఆయన అని మా మాస్టారు చెప్పారు. ఆనాటి నుంచి ఆయన గురించి దొరికినదల్లా చదివాను. మన సంచికలో ఎవరైనా మహనీయుని గురించి రాయమన్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు గారు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆయన ఆలోచన. నిడదవోలులో పట్టుకుని ఇంటికి తెచ్చారు. తల్లి ఊరుకోలేదు, రాజమండ్రిలో బడికి పంపింది. చదువు మీద శ్రద్ధ కుదరలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కారు. మధ్యలో తండ్రి పోయారు. తల్లి తన నగలు అమ్మి పరీక్షకు పంపిందని చెబుతారు.

పదో తరగతి ఒకసారి తప్పినందుకే పెట్టె సర్దుకుని జాలరిపేటకు వెళ్ళిపోయి, మళ్ళీ హాస్టల్ ముఖం చూడకుండా తండ్రితో వేటకు పోయిన స్నేహితులు నాకున్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మూడోసారి రాయమని పట్టుబట్టేవాళ్ళు వాళ్ళకి లేకపోయారు, అంతే తేడా.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు సుబ్బారావు గారికి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి అంగీకారం కావాలన్నారు, ఆమె ఒప్పుకోలేదు. వైద్యుడైతే అదీ సేవే కదా అన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు స్నేహితులు సాయం చేశారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఖర్చులో చాలా భాగం భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో సుబ్బారావు గారికి వివాహం జరిగింది.

గాంధీగారి పిలుపు విని విదేశీ బట్టలు మానేసి, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టులు బాగా రాసినా సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగమూ రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే పనిలో కుదిరారు.

ఇంటిని పట్టిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది పేదరికం ఒక్కటే కాదు, ఒక పేగుల జబ్బు కూడా. దాని పేరు ఉష్ణమండల స్ప్రూ. మన పెద్దవాళ్ళు గ్రహణి అని పిలిచే జబ్బుల కోవలోనిది. విరేచనాలు వారాలు, నెలలు ఆగవు. నోరు పూస్తుంది, నాలుక మండుతుంది. తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోయి మనిషి పాలిపోతాడు, ఎముకల గూడవుతాడు.

సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలోనే ఈ జబ్బుతో చనిపోయారు. ఒక ఇంటి నుంచి రెండు పాడెలు లేచాయి. వైద్యం చదువుతున్న కొడుకు ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. అప్పట్లో ఆ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరా సరైన మందు లేదు. తరువాత అదే జబ్బు ఆయనకూ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. ఆయుర్వేద మందుల్లో ఏముందో ఆధునిక పద్ధతిలో తేల్చాలన్న కోరిక అక్కడే పుట్టింది. దానికి తగిన ప్రయోగశాలలు ఇక్కడ లేవు. అమెరికా వెళ్ళాలనుకున్నారు.

ఓడ ఖర్చుకు డబ్బేది? మామగారు కొంత కూడబెట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. జాలరిపేట పిల్లలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. సత్యలింగ నాయకర్ గారు మత్స్యకార కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్ళి కష్టపడి గడించి, ఆ ఆస్తిని చదువుల కోసం, అన్నదానం కోసం రాసిచ్చిన దాత. గంగమ్మ తల్లిని నమ్ముకున్న ఇంట పుట్టిన మనిషి సంపాదన, భీమవరం బ్రాహ్మణ కుర్రవాణ్ణి సముద్రం దాటించడానికి అక్కరకొచ్చింది. సర్కారు అన్నం తిని చదువుతున్నామని తల దించుకునే తమ్ముళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. సుబ్బారావు గారూ పదిమంది సొమ్ముతోనే చదివారు.

బోస్టన్‌లో

1920ల మొదట్లో ఆయన బోస్టన్‌లో దిగారు. అప్పటికి భార్య గర్భవతి. తరువాత పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనేలేదు. భార్యను కూడా మళ్ళీ చూడలేదు. కొద్ది ఏళ్ళలో తిరిగొస్తానని వెళ్ళిన మనిషి ఇక రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేవాళ్ళు శేషగిరి గారి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. గొప్ప పని వెనుక ఇంట్లో ఒకరు కూర్చుని చూసిన ఎదురుచూపు కూడా ఉంటుందని మనం మరవకూడదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. జీతం రాని కాలంలో రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు. తరువాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. ఇద్దరూ కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. నూరేళ్ళు దాటినా మనం ప్రాక్టికల్స్‌లో చేసేది అదే. ఆ పద్ధతి చేతికొచ్చాక కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం ఏటీపీ. ఇంటర్ బోటనీ, జువాలజీ పుస్తకాల్లో ఆ మూడక్షరాలు వంద చోట్ల చదివాం, వాటి వెనుక మనవాడున్నాడని ఎవరూ చెప్పలేదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల సంస్థలో చేరారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

పెరుగు తోడు బంధువు తూచిన మందు

సోదరులను తిన్న జబ్బు ఆయన్ని వదల్లేదు. రక్తహీనతకు, స్ప్రూకు కాలేయం సారం కొంత పనిచేస్తుందని అప్పటికే డాక్టర్లకు తెలుసు. అంతకుముందు 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేసి చూపింది. ఆ కాలేయంలో, ఆ ఈస్ట్‌లో ఉన్న అసలు పదార్థం ఏది? టన్నుల కాలేయం నుంచి చిటికెడు కూడా రాదు. ఉందో లేదో చూసి చెప్పడం ఎలా?

ఇక్కడే మన సంచికలో రాయదగ్గ విచిత్రం ఉంది. తూకం వేయడానికి వాళ్ళు ఒక బ్యాక్టీరియాను పెట్టుకున్నారు. దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. పెరుగు తోడులో ఉండే సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టం. దానికి తిండి అంతా పెట్టి ఆ ఒక్క విటమిన్ మాత్రం పెట్టకపోతే అది పెరగదు. కాలేయం సారం ఒక చుక్క వేస్తే పెరిగి, పులిసి, ఆమ్లం పుట్టిస్తుంది. ఎంత పులిస్తే అంత విటమిన్ ఉన్నట్టు. అందుకే మొదట్లో ఫోలిక్ ఆమ్లానికి కేసీ కారకం అనే పేరుండేది. ఈ రోజు మందుల షాపుల్లో ప్రోబయాటిక్ పేరుతో అమ్మే సీసాల మీద కనిపించే పేర్లలో ఈ కేసీ కూడా ఒకటి.

సుబ్బారావు గారి నాయకత్వంలో స్టోక్‌స్టాడ్, హచింగ్స్, వాలర్, యాంజియర్ మొదలైనవాళ్ళు ఆ పదార్థాన్ని విడదీసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. కొద్ది నెలల్లోనే టామ్ స్పీస్ అనే డాక్టరు దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. నోటి పూత మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. సోదరులు పోయిన పాతికేళ్ళ తరువాత వాళ్ళ జబ్బుకు మందు దొరికింది.

అంతటితో ఆగలేదు. ఆయన మార్గదర్శకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. తరువాతి కాలంలో తేలిందేమంటే, స్ప్రూ రోగుల చిన్నపేగులో ఉండకూడనన్ని బ్యాక్టీరియాలు చేరి ఉంటాయి. 1960ల్లో వేలూరు వైద్య కళాశాల డాక్టర్లు తమిళనాడు గ్రామాల్లో స్ప్రూ ఊళ్ళకు ఊళ్ళను పట్టడం చూసి లోతుగా పరిశోధించారు. నేటికీ ఆ జబ్బుకు ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆమ్లం, దానితో కొన్ని నెలల టెట్రాసైక్లిన్. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు రెండూ ఒక్క మనిషి నడిపిన ప్రయోగశాలలో పుట్టినవే!

మరో రెండు మందులు చెప్పాలి. హెట్రజాన్ అనే మందు 1947లో వచ్చింది. బోదకాలు రాకుండా మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. ఫోలిక్ ఆమ్లాన్ని కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో మొదటిసారి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గేటట్టు చేశాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. నోబెల్ రాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తన పేరు ముందుకు తోసుకోలేదు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బిళ్ళ విడుదల చేసింది.

మన పొట్టల సంగతి

ఇదంతా రాయడానికి నాకు మరో కారణం కూడా ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. సిగ్గుపడే విషయం కాబట్టే రాస్తున్నాను.

ఇంటర్ చదివేటప్పుడు నాకు ఒకసారి విరేచనాలు పట్టుకున్నాయి. వారంలో తగ్గాయి గాని కడుపు మాత్రం మునుపటిలా కాలేదు. పొద్దున్నే మెలిపెట్టే నొప్పి, దొడ్డికి వెళ్తే కాస్త తెరిపి, గంట తిరక్కుండా మళ్ళీ. హాస్టల్‌లో పొద్దుటి పూట లైను ఎలా ఉంటుందో మీకు తెలుసు. పరీక్ష రోజున మరీ ఎక్కువ. తలుపు దగ్గరి బెంచీ దొరికితే చాలనుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. మందుల షాపుకెళ్ళి అడిగి ఏదో ఒక యాంటీబయాటిక్ కొని, రెండు రోజులు వేసుకుని ఆపేసేవాణ్ణి. అలా ఎన్నిసార్లో లెక్క లేదు. ఒక దశలో చదువు మానేద్దామనుకున్నాను. చివరకు ఒక డాక్టరు అన్నీ పరీక్షించి, పేగులో పుండు లేదు, పురుగు లేదు, ఇది ఐబీఎస్ అని చెప్పారు.

ఐబీఎస్ అంటే పేగు తీరు చెడడం. చూడటానికి పేగు బాగానే ఉంటుంది, దాని నడక, దాని నరాల స్పందన తేడా చేస్తాయి. మూడు నెలలుగా వారానికి కనీసం ఒక రోజైనా కడుపునొప్పి, ఆ నొప్పికి విరేచనంతో సంబంధం, ఎన్నిసార్లు వెళ్తున్నామో ఎలా వెళ్తున్నామో అందులో మార్పు ఉంటే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. కొంతమందికి నాలాగే ఒక విరేచనాల జబ్బు తరువాత ఇది మొదలవుతుంది. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, చదువు తీసే జబ్బు.

మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియాలుంటాయని లెక్క. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. వాటిలో కొన్ని మనకు ఫోలేట్ కూడా తయారుచేసి పెడతాయి. ఐబీఎస్ ఉన్నవాళ్ళలో కొందరికి ఈ జనాభా పొందిక మారినట్టు కనిపిస్తోంది. అందుకే ప్రోబయాటిక్‌ల మీద అందరికీ ఆశ. నిజం చెప్పాలంటే ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. 2020లో అమెరికా జీర్ణవ్యాధుల వైద్యసంఘం ఐబీఎస్‌కు ప్రోబయాటిక్‌లు పరిశోధనల్లో భాగంగా తప్ప వాడవద్దంది. 2021లో బ్రిటన్ వైద్యసంఘం కావాలంటే పన్నెండు వారాలు వాడి చూసి, గుణం లేకపోతే మానేయమంది. ఒక్కో రకం సూక్ష్మజీవి ఒక్కో తీరు. కాబట్టి ఖరీదైన సీసా కోసం ఇంటిదగ్గర అప్పు చేయించకండి. మన అమ్మమ్మల తరవాణి, చద్దన్నం, మజ్జిగ పడితే తాగండి, అదే మందని మాత్రం అనుకోకండి. నాకు మేలు చేసింది వేళకు తినడం, సరిపడని వాటిని గమనించి తగ్గించడం, నిద్ర, ముఖ్యంగా జబ్బుకు పేరు తెలియడం.

యాంటీబయాటిక్‌ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. స్ప్రూలో ఆరియోమైసిన్ వంటి మందు ప్రాణం నిలబెట్టింది, ఎందుకంటే డాక్టరు జబ్బును గుర్తించి, అవసరమని ఇచ్చాడు. తెలియకుండా వేసుకుంటే చెడ్డవాటితోపాటు మంచివీ పోతాయి, మందుకు లొంగని సూక్ష్మజీవులు మిగులుతాయి. దొడ్డికిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత ఉంటే అది ఐబీఎస్ అనుకుని కూర్చోకండి. వెంటనే పెద్దాసుపత్రిలో చూపించుకోండి.

సుబ్బారావు గారి సోదరుల కాలంలో చెప్పుకున్నా మందు లేదు. మన కాలంలో మందు ఉంది, చెప్పుకునే అలవాటే లేదు. రాత్రి పక్కమంచం మీద తమ్ముడు కడుపు పట్టుకుని ముడుచుకుంటే వెక్కిరించకండి. వార్డెన్ గారికి చెప్పండి, తోడుగా ఆసుపత్రికి వెళ్ళండి.

ఈసారి ఆ నీలిమాత్ర చేతిలో పెట్టినప్పుడు గోడ అవతలకి ఉమ్మేయకండి తమ్ముళ్ళూ. అన్నం తిన్నాకే వేసుకోండి, వికారం తక్కువగా ఉంటుంది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక భీమవరం కుర్రాడు, ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకుని, పాతికేళ్ళు వెతికి తెచ్చిన మందు అది.